వీటో గారు, చిన్న వీటో

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఫోన్లో టెక్నాలజీ వార్తలు చదవడం ఆయనకు అలవాటు. నురగ ఉమ్మేలోపల చదివిన వార్త మీద ఒక అభిప్రాయం తయారైపోవాలి. లేకపోతే ఆ రోజంతా ఏదో మరిచిపోయి ఇల్లు దాటినట్టుంటుంది. ఎవరో మడత పెట్టే ఫోన్ తయారు చేశారని చదివితే, "మడత పెట్టడానికి అదేమన్నా దుప్పటా?" అని అద్దాన్ని అడుగుతారు. ఇంటర్నెట్ ఉన్న ఫ్రిజ్ వచ్చిందంటే, "తలుపు తీస్తే లైటు వెలుగుతోందిగా, ఇంకా దానికి చదువెందుకు?" అంటారు. నోటినిండా నురగ ఉంటుంది కాబట్టి ఈ తీర్పుల్లో సగం స్నానాలగది గోడలకే అర్థమవుతాయి. మిగతా సగం భార్య చెవిన పడతాయి. ఆవిడ బడిలో లెక్కల టీచరు. క్లాసంతా ఒకేసారి మాట్లాడుతున్నా పట్టించుకోకుండా బోర్డు మీద రాసుకుపోగలిగిన మనిషి. ఆ కాపురం అంత సజావుగా సాగడానికి కారణం ఆ విద్యేనని నా అనుమానం.

ఆయన చేసేది ప్రోగ్రామింగ్. వయసు యాభైకి అటో ఇటో. అడిగి చూడండి, "మనిషికి పుట్టిన తేదీ ఉంచుకోవాలి గానీ వయసు ఉంచుకోకూడదు, రేపటికి తప్పైపోతుంది" అని పాఠం చెబుతారు తప్ప సంఖ్య మాత్రం చెప్పరు. ఎవరేం అడిగినా ముందు వద్దనడం పద్ధతిగా పెట్టుకున్నారు కాబట్టి ఆఫీసులో అందరూ ఆయన్ను వీటో గారంటారు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు ఆయన కోప్పడలేదు. "మా వృత్తిలో అన్నిటికన్నా కష్టమైంది పేర్లు పెట్టడమే. ఇది బాగా కుదిరింది" అని మెచ్చుకున్నారు. ఆయన మారుమాట లేకుండా మెచ్చుకున్న వాటిలో నాకు తెలిసి అదొక్కటే.

ఆఫీసంటే కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండు గదులు. పెంపుడు జంతువుల ఆసుపత్రులకు వాళ్ళు సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తారు. ఏ కుక్కకు ఎప్పుడు టీకా, ఏ పిల్లికి ఎవరు డాక్టరు, కుందేలు బరువెంత, ఇలాంటి లెక్కలన్నీ అందులో ఉంటాయి. యజమానురాలు ఒకప్పుడు పశువుల డాక్టరు. ఇప్పుడు వైద్యం మానేసినా అందరికీ డాక్టరమ్మే. ఎవరైనా తుమ్మితే ఆవిడ ఇప్పటికీ దగ్గరకొచ్చి చెవులు పరీక్షగా చూస్తారు. వీటో గారు కాక ఆసుపత్రుల నుంచి వచ్చే ఫోన్లన్నీ ఎత్తే సపోర్ట్ అక్క, తయారైన ప్రతిదాన్నీ విరగ్గొట్టి చూసే టెస్టింగ్ అమ్మాయి, తెరల మీద రంగులు దిద్దే డిజైనరు, మరో ఇద్దరు ప్రోగ్రామర్లు ఉంటారు.

పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నా వాళ్ళు మాట్లాడుకునేది మాత్రం ఆఫీసు గ్రూపులోనే. అక్కడ వీటో గారికి తిరుగులేదు. కొత్త ప్రోగ్రామింగ్ భాష వచ్చిందని ఎవరైనా వార్త పెడితే, "పాత భాషలో తప్పులు ఇంకా మిగిలే ఉన్నాయి, అవి పూర్తి చేసి వెళ్దాం" అని రాస్తారు. "చిన్న మార్పే, ఐదు నిమిషాల పని" అని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేస్తారు. ఓ పెద్ద కంపెనీ వేలమందిని ఇంటికి పంపిందన్న వార్త వచ్చిన రోజున ఆయన ఇలా రాశారు: "తీసేస్తే ముందు సీనియర్లనే తీసెయ్యాలి. జీతం ఎక్కువ, పని తక్కువ, అభిప్రాయాలు బోలెడు. వాళ్ళు పోతే కంపెనీ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది." అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. ఆయనా ఒకటి పెట్టుకున్నారు.

ఇలా హాయిగా గడిచిపోతున్న రోజుల్లో డాక్టరమ్మ ఆయన్ను తన గదిలోకి పిలిచారు.

"కూర్చోండి. ముసుగులో గుద్దులాట నాకు చేతకాదు" అన్నారావిడ. "ఊరంతా శాఖలున్న ఆ పెద్ద ఆసుపత్రి వాళ్ళు ఈ నెలాఖరుకి మనల్ని వదిలేస్తున్నారు. వాళ్ళతోపాటు ఒక జీతం తగ్గించుకోక తప్పదు. మా అల్లుడు మనకోసం ఒక బాట్ తయారు చేస్తానంటున్నాడు. ఏదడిగినా జవాబు చెబుతుందట. ఆఫీసు పిల్లలు మీ దగ్గరికొచ్చి అడిగేవన్నీ అదే చెప్పేస్తే, మిమ్మల్ని ఉంచుకోవడానికి నాకు కారణం ఉండదు. చెప్పలేకపోతే ఇంకో దారి వెతుక్కుంటాను."

ఇలాంటి బాట్‌ల మీద వీటో గారికి అభిప్రాయాలు తక్కువేం లేవు. గంటసేపు ఆపకుండా చెప్పగలరు. కానీ ఆ రోజు కుర్చీలోంచి లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశారు. ఈ వయసులో ఇంకో ఉద్యోగమంటే తన కొడుకు ఈడువాళ్ళ ముందు కూర్చుని పరీక్ష రాయాలి. వాళ్ళు బోర్డు మీద ఓ పజిల్ గీసి, గడియారం చూసుకుంటూ విప్పమంటారు. అదొక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవారు. అసలు బాధేమిటంటే, ఆయనకు ఈ రెండు గదులంటే ప్రాణం. ఇక్కడి కుక్కలూ పిల్లులూ ఎప్పుడూ కళ్ళతో చూసినవి కాకపోయినా పేరుపేరునా తెలుసు.

ఆ సాయంత్రం భార్య పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. ఆయన ఎదురుగా కూర్చుని, "ఉద్యోగం పోయేలా ఉంది" అన్నారు.

"ఏ కంపెనీలో?" అంది ఆవిడ తలెత్తకుండా. రోజూ వినే వార్తల్లో ఇదొకటనుకుంది.

"మా కంపెనీలో. నాదే."

ఆవిడ ఎర్ర పెన్ను కింద పెట్టేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చెప్పిన వార్త విని ఆవిడ పెన్ను దించడం అదే మొదటిసారి.

మర్నాడే అల్లుడు గారు దిగాడు. డాక్టరమ్మకు అల్లుడు కాబట్టి ఆఫీసంతటికీ ఆయన అల్లుడు గారే. కుర్చీ వెయ్యాలి, కాఫీ ఇవ్వాలి, ఏమన్నా తల ఊపాలి. మనిషి మంచివాడే. కాకపోతే వీటో గారు నమ్మని వార్తలన్నీ ఆయన నమ్ముతాడు. ఏ వార్త చూసినా, "ఇక ప్రపంచం మునుపటిలా ఉండదు" అంటాడు. ప్రపంచం మాత్రం ఆయన చెప్పిన ప్రతిసారీ మునుపటిలానే ఉంది. బాట్‌కి మిత్ర అని పేరు పెట్టాడు. ఆఫీసు గ్రూపులో మొదటి రోజు నుంచి ఉన్న సందేశాలన్నీ తీసి దానికి మేపాడు.

"మీ ఆఫీసు జ్ఞానమంతా దీంట్లో ఉంది. అడగండి" అన్నాడు గర్వంగా.

టెస్టింగ్ అమ్మాయి మర్యాదగా, "నమస్తే మిత్రా" అని టైపు చేసింది.

"నమస్తే అని ఆగిపోకండి. చెప్పదలుచుకున్నది ఒకేసారి రాయండి. నేనిక్కడ ఖాళీగా లేను" అంది మిత్ర.

గదిలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా వీటో గారి వైపు తిరిగాయి. ఆయన రెండు చేతులూ పైకెత్తి, "నేను కీబోర్డు ముట్టుకోలేదు" అన్నారు.

ఆ అమ్మాయి ధైర్యం తెచ్చుకుని, సేవ్ బటన్ పనిచేయడం లేదు, ఏం చెయ్యాలని అడిగింది. "ఆ బటన్ పెట్టొద్దని అప్పుడే చెప్పాను" అని జవాబు వచ్చింది. ఒక ఆసుపత్రి వాళ్ళు తెర రంగు మార్చమంటున్నారని సపోర్ట్ అక్క రాస్తే, "రంగు మారిస్తే పిల్లికి జ్వరం తగ్గుతుందా?" అంది. డిజైనరు ఇదంతా కొత్త పద్ధతిలోకి మార్చడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. "మార్చడానికి ఏడాది, మార్చినందుకు ఏడవడానికి ఇంకో ఏడాది" అంది. అల్లుడు గారు తల గోక్కున్నాడు. గ్రూపులో ఎవరి మాటలు ఎక్కువుంటే బాట్‌కి వాళ్ళ నోరే వస్తుందని ఆయనకు అప్పుడు తట్టింది. అందులో సగానికి పైగా వీటో గారు రాసినవే మరి.

సాయంత్రానికల్లా మిత్ర అన్న పేరు అందరూ మరిచిపోయారు. అది చిన్న వీటో అయిపోయింది.

నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు గానీ వీటో గారికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంత దురుసుగా తనెప్పుడు మాట్లాడానని ఆయన వాదన. దానికి బుద్ధి చెప్పాలని మర్నాడు మధ్యాహ్నం తిండి కూడా మానేసి కూర్చున్నారు. "నువ్వు చెప్పేది తప్పు" అని రాశారు. "తప్పంటే సరిపోదు, రుజువు పెట్టండి" అంది చిన్న వీటో. ఆయన రుజువు పెట్టారు. "ఇది ఎక్కడో వార్తల్లో చదివినట్టున్నారు" అంది. ఆయన పళ్ళు నూరారు. దానితో వాదిస్తే తన మాటలే తనకు ఎదురొస్తున్నాయి. గెలవాలంటే తన అభిప్రాయాలన్నీ తిరగేసి పట్టుకోవాలి. పంతం మీదున్న మనిషి అదీ చేశారు. కొత్త భాషలు మంచివన్నారు. అన్నీ మార్చి మళ్ళీ రాయాలన్నారు. మడత ఫోన్‌ను కూడా వెనకేసుకొచ్చారు. చివరికి, "కృత్రిమ మేధ మానవాళికి వరం" అని ఆయన టైపు చేస్తుంటే వెనక నిలబడి చూస్తున్న సపోర్ట్ అక్క నోరు నొక్కుకుంది.

"ఈ మాట అన్నవాడి ఆరోగ్యం బాగుందేమో కనుక్కోండి" అంది చిన్న వీటో.

ఓడిపోయిన వీటో గారు ల్యాప్‌టాప్ మూసేసి మెట్ల మీదికెళ్ళి కూర్చున్నారు. ఇంతమందీ ఇన్నేళ్ళూ తనను ఎలా భరించారో ఆయనకు అంతుపట్టలేదు. అడుగుదామంటే సిగ్గుగా ఉంది.

నెలాఖరు రానే వచ్చింది. డాక్టరమ్మ అందరినీ పెద్ద గదిలో కూర్చోబెట్టి, "ఎవర్ని ఉంచాలో ఎవర్ని తీసెయ్యాలో ఇవాళ తేల్చేద్దాం" అన్నారు. అల్లుడు గారు చిన్న వీటోను గోడమీది తెరపైకి తెచ్చాడు. అత్తగారు చెప్పినట్టే టైపు చేశాడు: "మన ఆఫీసుకు బాట్ అవసరమా?"

"అక్కర్లేదు" అంది చిన్న వీటో ఏ మాత్రం తడుముకోకుండా. "వార్తల్లో చూసి ముచ్చటపడి తెచ్చుకున్నదేదీ ఏడాది తిరిగేసరికి ఎవరూ వాడరు. తెచ్చినవాళ్ళనే వాళ్ళింటికి తీసుకుపొమ్మనండి."

గది గొల్లుమంది. అల్లుడు గారి మొహం కందగడ్డయింది. వీటో గారి ఛాతీ మాత్రం పొంగిపోయింది. "చూశారా, పుట్టి నెల్లాళ్ళు కాలేదు, ఎంత వివేకం!" అని చుట్టూ చూశారు. నిన్నటిదాకా బద్ధశత్రువు, ఇప్పుడు కడుపున పుట్టిన బిడ్డయిపోయింది.

ఆ ఉక్రోషంలో అల్లుడు గారు ఇంకో ప్రశ్న కొట్టాడు: "అయితే సీనియర్ ప్రోగ్రామర్‌ని ఉంచాలా?"

"తీసేస్తే ముందు సీనియర్లనే తీసెయ్యాలి. జీతం ఎక్కువ, పని తక్కువ, అభిప్రాయాలు బోలెడు. వాళ్ళు పోతే కంపెనీ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. కింద దుకాణంలో ఎవరికో కళ్ళజోడు సరిపోలేదన్న గొడవ మాత్రం మెట్లమీదుగా వినిపిస్తోంది. ఇంత పని జరుగుతుందని అనుకోని అల్లుడు గారు కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"ఇది మీ మాటేనా?" అని డాక్టరమ్మ అడిగారు.

బాట్‌లు లేనివి కల్పిస్తాయని వీటో గారు ఎన్నోసార్లు రాశారు. ఇప్పుడూ అదే అంటే ఎవరూ కాదనరు. కానీ ఆయనకు వాదించడం వచ్చినంతగా అబద్ధమాడటం రాదు. "నా మాటే. ఎగతాళికి రాశాను" అన్నారు.

"ఎగతాళి సంగతి నాకు తెలుసు. కానీ నేను తేల్చాల్సింది మీరు ఇక్కడేం చేస్తున్నారన్నది" అని ఆవిడ అల్లుడి వైపు తిరిగారు. "ఈయన ఇన్నేళ్ళలో చేస్తానని ఒప్పుకున్న పనులేంటో అడుగు బాబూ."

అల్లుడు గారు ఇష్టం లేకుండానే అడిగాడు. చిన్న వీటో గ్రూపంతా గాలించింది. "అలాంటివి దొరకలేదు. అడిగిన ప్రతిదానికీ వద్దనే చెప్పారు" అంది.

వీటో గారు తలొంచుకున్నారు. అందులో అబద్ధం ముక్క లేదు. ఎవరేం అడిగినా ఆయన వద్దనే రాశారు. ఇంటికెళ్ళి భార్యకు ఏమని చెప్పాలా అని ఆయన అప్పుడే మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టారు.

"మరి తాబేలో?" అంది సపోర్ట్ అక్క.

అందరూ ఆవిడ వైపు చూశారు.

"అదే డాక్టరమ్మా, ఆ ముసలి తాబేలు. అది పుట్టిన అంత పాత సంవత్సరాన్ని మన సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవట్లేదని ఆసుపత్రి వాళ్ళు మొత్తుకుంటే, నేను గ్రూపులో పెట్టాను. ఈయనేమో, 'తాబేలుకి తొందరేముంది, వచ్చే ఏడాది చూద్దాం' అని రాశారు. నాకు ఏడుపొచ్చింది. తీరా భోంచేసి వచ్చేసరికి అది ఎక్కిపోయింది. ఎవరు చేశారని అడిగితే, ఈయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు."

"నా సేవ్ బటన్ కూడా అంతే" అంది టెస్టింగ్ అమ్మాయి. "పెట్టొద్దని అంత పొడుగు వ్యాసం రాసి, నా కుర్చీ దగ్గరికొచ్చి పెట్టించింది ఈయనే. పక్కన కూర్చుని నేర్పించారు. మొన్న చిన్న వీటో ఏం చెయ్యాలో చెప్పలేదు కదా, అప్పుడూ ఈయన్నే అడిగి బాగుచేసుకున్నాను."

డిజైనరు ఏదో చెప్పబోయాడు గానీ డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపేశారు. ఆవిడకు తన సంగతి గుర్తొచ్చింది. ఒక పెద్దాయన కుక్క చనిపోయింది. చనిపోయిన వారానికి, "మీ చిన్నోడికి టీకా వేయించే రోజు వచ్చింది" అని ఆయన ఫోనుకు ఈ ఆఫీసు సాఫ్ట్‌వేర్ సందేశం పంపింది. పాపం ఆయన ఆ ఫోను పట్టుకుని ఆసుపత్రికొచ్చి, బల్ల మీద కూర్చుండిపోయాడట. అది ఆపమని డాక్టరమ్మ గ్రూపులో రాస్తే, "దానికి పట్టికలన్నీ మార్చాలి, ఈ ఏడాది కుదరదు" అని వీటో గారు జవాబిచ్చారు. ఆ రోజు ఆవిడ మనసు చివుక్కుమంది. కానీ సాయంత్రం అందరూ వెళ్ళిపోతుంటే వీటో గారు ఆవిడ గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. "జంతువు పోయాక దాని పేరు ఉంచాలా, తీసెయ్యాలా డాక్టరమ్మా?" అని మెల్లగా అడిగారు. పేరు ఉండనివ్వమన్నారావిడ. ఆ మర్నాటి నుంచి చనిపోయిన ఏ కుక్కకూ టీకా సందేశం వెళ్ళలేదు. పేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఇంత చేసి, ఆ టీకా సందేశాలు ఆపి కూడా గ్రూపులో ఒక్క ముక్కయినా రాయలేదేం?" అన్నారు డాక్టరమ్మ. గొంతులో కోపం ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఏం రాయమంటారు?" అన్నారు వీటో గారు. "కుక్క పోయిన ఇంటి సంగతి. అది కూడా గొప్పగా చెప్పుకుంటామా?"

డాక్టరమ్మ ముక్కు తుడుచుకుని, ఒకప్పుడు ఆసుపత్రిలో చీటీ రాసిచ్చినట్టు గబగబా తేల్చేశారు. "ఆ రెండో గది ఖాళీ చేసేద్దాం, దాని అద్దె మిగులుతుంది. ఇరుక్కునైనా ఒక్క గదిలోనే కూర్చుందాం. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. చిన్న వీటోను కూడా తీసెయ్యొద్దు. మనకేదో అమ్ముదామని రోజూ ఉత్తరాలు రాస్తుంటారే, వాళ్ళందరికీ అదే జవాబివ్వాలి."

అల్లుడు గారి మొహం మళ్ళీ వెలిగింది. ఆ పనికి అంతకన్నా పనికొచ్చే బాట్ భూమ్మీద ఇంకోటి లేదని, ఇక ప్రపంచం మునుపటిలా ఉండదని ఆయన అక్కడికక్కడే ప్రకటించాడు.

"మీకు మాత్రం ఒక షరతు" అని డాక్టరమ్మ వీటో గారి వైపు తిరిగారు. "ఎంత వద్దని రాస్తారో మీ ఇష్టం. కానీ పని చేశాక, చేశానని ఒక్క మాట కింద రాయాలి. ఇవాళ్టి నుంచే."

వీటో గారు అభ్యంతరం చెప్పడానికి నోరు తెరిచారు. గది గదంతా ఆయన్నే చూస్తోంది. తెరిచిన నోరు మూసుకుని, తల ఊపారు.

ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ రోజు పేపర్లు ముట్టుకోలేదని బల్ల చూస్తేనే తెలుస్తోంది.

"ఉందా, పోయిందా?"

"అసలు ఈ కంపెనీలు నిర్ణయాలు తీసుకునే పద్ధతే..."

"ఉందా, పోయిందా?"

"ఉంది" అన్నారాయన. అనగానే ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడి, చీర చెంగుతో మొహం తుడుచుకుంది. జరిగిందంతా ఆయన పూసగుచ్చినట్టు చెప్పారు. షరతు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గింది. వచ్చేముందు ఆఫీసులో ఒక చిన్న పని చేసి వచ్చారట. చేశానని ఇంకా రాయలేదట.

"రాయడానికేం?"

"సిగ్గేస్తోంది."

"ప్రపంచంలో ఉన్న కంపెనీలన్నిటినీ పేరుపేరునా తిడతారు, అందుకు లేని సిగ్గు దీనికా?"

"తిట్టడం వేరు" అన్నారు వీటో గారు, బట్టతల దాకా ఎర్రబడిపోతూ.

ఆవిడకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, బల్ల మీదున్న ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది. "రాయండి. నేను అటు తిరుగుతాను" అని గోడ వైపు తిరిగి నిలబడింది.